రంగు ఆరేలోగా

ఇల్లు బాగానే ఉందట, రంగే బాగోలేదట. ఇంటికి విలువ కట్టే మనిషి పంపగా సోమవారం పొద్దున వచ్చిన అంచనా రిపోర్టును లొరెట్టా గోర్‌స్కీ రెండోసారి చదివింది. ఎల్మోర్ వీధిలో వందేళ్ళ నాటి చెక్క ఇల్లు. పైకప్పుకి వంక లేదు, పునాదికి వంక లేదు. వరండా స్తంభాల మీదా కిటికీ చట్రాల మీదా మాత్రం పాత రంగు పెచ్చులు లేచి వేలాడుతోంది. ఆ రోజుల రంగుల్లో సీసం ఉండేది. పసిపిల్లలు ఆ పెచ్చులు నోట్లో పెట్టుకుంటే ముప్పు. అందుకని ప్రభుత్వం హామీ ఉండే అప్పు కావాలంటే పెచ్చులన్నీ గీకాలి, నేల మీద పడినవి ముక్క మిగలకుండా ఏరాలి, కొత్త రంగు వెయ్యాలి. వేశారో లేదో ఆ అంచనా మనిషే మళ్ళీ వచ్చి ఫొటో తియ్యాలి. అంతదాకా ఫైలు కదలదు.

అమెరికాలో టొలీడో అనే ఊళ్ళో ఇళ్ళకి అప్పులిచ్చే ఆ చిన్న కంపెనీలో ఫైళ్ళు నడపడం లొరెట్టా పని. జీతం కాగితాలు, పన్ను కాగితాలు, బ్యాంకు కాగితాలు అన్నీ పోగేసి వరసలో పేర్చి, అప్పు మంజూరు చేసే నీల్ బల్ల మీద పెడుతుంది. నీల్ సంతకం పెట్టాడంటే ప్రభుత్వం ముందుగా ఫైలు విప్పి చూడదు, అతని మాటనే తన మాటగా తీసుకుంటుంది. అలాంటి అనుమతి ఉన్న కంపెనీ అది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు, ఆ ఆఫీసుకి పూజారి నీల్. చెడ్డవాడు కాడు. పిల్లల ఫొటోలు బల్ల మీద పెట్టుకున్న, మెత్తగా మాట్లాడే మనిషి. రూలు తప్ప ఇంకేమీ కనపడకుండా పనిచేయడం నేర్చుకున్నాడు, అంతే.

అమ్మేవాళ్ళ ఏజెంటుకి ఫోన్ చేస్తే ఒకటే మాట. "ఇల్లు ఉన్నదున్నట్టు అమ్ముతున్నాం. డబ్బా రంగు కూడా మేం కొనం. కావాలంటే కొనుక్కునేవాళ్ళనే వేసుకోమనండి, తెల్ల రంగే వెయ్యాలి. వచ్చే మంగళవారంతో గడువు సరి. ఆ తర్వాత మాకు వేరే బేరం ఉంది."

లొరెట్టా వెర్నీటా టాలివర్ నంబరు నొక్కింది. కారు సీట్లు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేస్తుంది వెర్నీటా. అద్దెకుంటున్న ఇంటిని ఓనరు ఎవరికో అమ్మేశాడు, నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. తొమ్మిదేళ్ళ కూతురు. ఇద్దరూ ఫోనులో నెలన్నరగా మాట్లాడుకుంటున్నారు గాని ఒకరి ముఖం ఒకరు చూడలేదు.

"మిస్ లొరెట్టా, మళ్ళీ ఏ కాగితం తక్కువైంది?" అంది వెర్నీటా ఎత్తగానే. "నా పుట్టుమచ్చల ఫొటోలు కూడా పంపమంటారా?"

"ఈసారి కాగితం కాదమ్మా, రంగు." లొరెట్టా సంగతంతా చెప్పింది.

"ఇంకా నాది కాని ఇంటికి నేను రంగు వెయ్యాలా?"

"గురువారం సాయంత్రానికి అయిపోవాలి. శుక్రవారం మధ్యాహ్నం నుంచి వానంటున్నారు. ఆ పొద్దున్నే ఫొటోలకి మనిషిని పంపిస్తాను."

"నా డ్యూటీ మధ్యాహ్నం రెండింటికి. పొద్దున మంచుకి చెక్కంతా తడిసిపోయుంటుంది, పదకొండైతేగాని ఆరదు. తడి మీద వేసిన రంగు నిలవదు. మా మావయ్య జన్మంతా పెయింటరే, నాకు తెలుసు."

"ఎలాగో వీలు చేసుకో తల్లీ. ఇంతదాకా వచ్చి వదులుకుంటావా?"

"ఎగ్గొట్టాలి అంతే. రాని రోజుకి ఒక మార్కు వేస్తారు మావాళ్ళు, మార్కులు నిండితే ఇంటికి పొమ్మంటారు. పోతే పోనీలెండి. అప్పుతోపాటు నెలనెలా నాతో ఇన్సూరెన్సు కూడా కట్టిస్తారుగా, ఏదైనా అయితే కొన్నాళ్ళు వాళ్ళే ఆదుకుంటారు."

ఆ మాట లొరెట్టా విన్నది. వినలేదని తర్వాత ఎన్నిసార్లు అనుకుందామన్నా కుదరలేదు. అప్పు తీసుకునేవాళ్ళలో సగం మంది అనుకునేది అదే. కట్టేది మనం కాబట్టి ఆదుకునేది మననే అనుకోవడంలో తప్పేముంది? కాదని విడమరిచి చెప్పాలంటే పావుగంట పడుతుంది, చెప్పాక మనిషి గొంతు మారిపోతుంది. ఇన్నేళ్ళలో లొరెట్టా ఆ మాటను చెవి పక్కనించి పోనివ్వడం అలవాటు చేసుకుంది. అదీగాక రెండో లైను మోగుతోంది.

"అలాగే, అలాగే. ఏదున్నా ఫోన్ చెయ్యి," అని రెండో లైను ఎత్తింది.

మంగళవారమంతా ఆ 'అలాగే' చేపముల్లులా గొంతులో ఉండిపోయింది. ఫైళ్ళ మీది ఇళ్ళని వెళ్ళి చూసే అలవాటు లొరెట్టాకి లేదు. బుధవారం ఆఫీసు వదలగానే కారు దానంతటదే అటు తిరిగిందని అనుకుంది గాని, కార్లు వాటంతటవి తిరగవు.

వరండా అప్పటికే తెల్లగా మెరుస్తోంది. పక్కగోడ పొడుగునా నేల మీద నీలం ప్లాస్టిక్ పట్టా పరిచారు. బోర్లించిన బకెట్టు మీద ఒక ముసలాయన కూచుని, చాచిన కాలితో నిచ్చెన అడుగుని తొక్కిపట్టాడు. నిచ్చెన మీద తలకి గుడ్డ, ముక్కుకి మాస్కు కట్టుకున్న మనిషి. దుమ్ము లేవకుండా ముందు సీసాలోంచి నీళ్ళు చిమ్మడం, తర్వాత గీకుడుబిళ్ళ వాలుగా ఆనించి కిందికి లాగడం. పెచ్చులు పొరలు పొరలుగా పట్టా మీద రాలుతున్నాయి. తెలుపు కింద ఆకుపచ్చ, దాని కింద గోధుమరంగు.

లొరెట్టా పేరు చెప్పుకుంది. వెర్నీటా మాస్కు కిందికి లాగి పైనించే తేరిపార చూసింది.

"మీరు ఇంకా పొడుగనుకున్నా మిస్ లొరెట్టా. ఫోన్లో మీ గొంతు ఆరడుగులుంటుంది."

"కూచోండమ్మా," అన్నాడు ముసలాయన. "నేను ఎల్‌రాయ్, దాని మేనమామని. లేచి మర్యాద చేద్దామంటే మోకాలు ఒప్పుకోదు. నిచ్చెన ఎక్కేది అది, తొక్కిపట్టేది నేను."

కూచోబుద్ధి కాలేదు లొరెట్టాకి. పట్టా దాటి గులాబీ మొక్క మొదట్లో పడిన పెచ్చులు కనిపించాయి. గొంతుక్కూచుని, ముళ్ళు తగలకుండా చెయ్యి దూర్చి ఒక్కొక్కటే ఏరి కాగితం సంచిలో వేసింది. కొన్ని ముట్టుకుంటే పొడైపోతున్నాయి. వాటిని మట్టితో సహా పట్టి ఎత్తాల్సి వచ్చింది. ఆఫీసు బూట్లు తడి మట్టిలో దిగబడ్డాయి.

కాసేపటికి వెర్నీటా దిగింది. వరండా మెట్ల మీద కూచుని ముగ్గురూ బొలోనా మాంసం పెట్టిన శాండ్‌విచ్‌లు తిన్నారు. వెర్నీటా చేతివేళ్ళ చివర్లు తెల్లగా పాలిపోయి, గోళ్ళ కింద ఆకుపచ్చ పొడి ఇరుక్కుని ఉంది.

"వెనక కిటికీలయ్యాయి, ముందువయ్యాయి," అంది. "ఈ పక్కది పైనున్నదొక్కటే మిగిలింది. అది మా పిల్ల గది. చెట్టు కనబడుతుందని అదే కావాలంది. ఇప్పుడు గీకేశాను, రేపు ఎండెక్కాక రెండు పూతలు వేస్తే సరి."

"రేపు కూడా డ్యూటీ మానేస్తావా?"

"నిన్న మానేశా, ఇవాళ మానేశా. ఇవాళ్టితో ఏడు మార్కులనుకుంటా. రేపటితో ఎనిమిది. ఎనిమిదైతే పంపించేస్తారు." మూతి తుడుచుకుంది. "వెతుక్కుంటాలెండి ఇంకోటి. మధ్యలో రెణ్ణెల్లు ఇన్సూరెన్సు వాళ్ళు కడితే చాలు."

లొరెట్టా శాండ్‌విచ్‌ని కాగితంలో పెట్టేసింది.

"వెర్నీటా, ఆ ఇన్సూరెన్సు నీకు కాదమ్మా."

"మరి?"

"మాకు. నువ్వు కట్టలేకపోతే ఇల్లు మేం తీసుకుంటాం. అప్పటికీ కంపెనీకి నష్టమొస్తే, ఆ నష్టం ఆ ఇన్సూరెన్సులోంచి వస్తుంది. నీకు పైసా రాదు."

"నేను కట్టేది."

"నువ్వు కట్టేదే."

వెర్నీటా గోళ్ళ వంక చూసుకుంటూ ఆలోచించింది. "అంటే నేనంటే మీకు భయం. ఆ భయానికయ్యే ఖర్చు నేను పెట్టుకోవాలి."

ఎల్‌రాయ్ నవ్వాడు. ఆ నవ్వులో సంతోషం లేదు. "కుక్కకి భయపడేవాడు గొలుసు కొనుక్కుంటాడమ్మా. ఇక్కడ గొలుసు కూడా కుక్కే కొనుక్కోవాలి."

"మావయ్యా, ఊరుకో." లొరెట్టా వైపు తిరిగింది. "సోమవారం ఆ మాటన్నాను కదా నేను. అప్పుడెందుకు చెప్పలేదు?"

సమాధానాలు చాలా ఉన్నాయి. ఏదీ నోటితో చెప్పేలా లేదు. చివరికి ఉన్నదే చెప్పింది. "ఇంకో ఫోను మోగింది."

వెర్నీటా తల ఆడించింది. కోప్పడి ఉంటే బాగుండేదని లొరెట్టాకి అనిపించింది. వెర్నీటా లేచి పట్టా నాలుగు మూలలూ దగ్గరకి తెచ్చి, పెచ్చులు జారకుండా నెమ్మదిగా మూట కట్టింది. "రేపు డ్యూటీకి పోతాను. ఏడు దగ్గర ఆపుకుంటా. కిటికీ సంగతే తెలీడం లేదు. మావయ్య ఎక్కలేడు."

"నేను వేస్తాను," అంది లొరెట్టా.

వెర్నీటా ఆమె బూట్ల వంక చూసింది. "ఎప్పుడైనా వేశారా?"

"వంటింటి అల్మారాకి."

"అల్మారా కింద పడదు," అన్నాడు ఎల్‌రాయ్.

గురువారం మధ్యాహ్నం లొరెట్టా పంటి డాక్టరు దగ్గరకని చెప్పి సెలవు పెట్టింది. అప్పిచ్చే కంపెనీ మనిషి అప్పు తీసుకునేవాళ్ళ ఇంటికి రంగు వేస్తోందని తెలిస్తే నీల్ మెత్తగానే ఏదో ఒక రూలు చూపిస్తాడు. పాత స్వెట్టరు వేసుకుని నిచ్చెన ఎక్కింది. ఎల్‌రాయ్ కింద నుంచి చెబుతుంటే బ్రష్షుని మూడో వంతే ముంచి, డబ్బా అంచుకి తట్టి, చెక్క పొడుగునా లాగింది. మొదటి పూతని చెక్క గటగటా తాగేసింది. ఆరడానికి రెండు గంటలు మెట్ల మీద కూచుని, తన ముసలి మోకాళ్ళ గురించి ఎల్‌రాయ్ చెప్పేది విన్నది. రెండో పూతకి గాలి లేచింది. అద్దం అంచుకి టేపు అంటించాలని ఆయన చెప్పడం మరిచాడు, ఆమెకి తెలియనే తెలియదు. బ్రష్షు జారినప్పుడల్లా అద్దం మీద తెల్ల చారలు పడ్డాయి.

"అద్దానికి కూడా రంగు కావాలందా ప్రభుత్వం?" అన్నాడు ఎల్‌రాయ్ తలెత్తి చూసి.

"తుడిచెయ్యనా?"

"తుడిస్తే ఇంకా పులుముతారు. వదిలెయ్యండి. ఎండాక బ్లేడుతో గీకితే లేచొస్తుంది. ఇంట్లో దిగాక అదే చూసుకుంటుంది." ఎలాగూ మళ్ళీ పనికొస్తుందని నిచ్చెనని ఇంటి వెనక గోడవారన పడుకోబెట్టించాడు.

శుక్రవారం వానకి ముందే ఫొటోలొచ్చాయి. పెచ్చులు లేవు, నేల శుభ్రం, రంగు సరి. నీల్ ఫైలు తిరగేసి అన్ని గళ్ళలో టిక్కులు పెట్టాడు. మిగిలిందల్లా ఒక ఫోను. మనిషి ఇంకా ఉద్యోగంలో ఉందా అని యజమానిని అడగడం. పదిరోజుల ముందునుంచి ఎప్పుడు చేసినా చెల్లుతుంది గాని, ఆ ఆఫీసులో సంతకాలకి ముందురోజే చెయ్యడం అలవాటు. లొరెట్టా శుక్రవారం సాయంత్రం రిసీవరు మీద చెయ్యి వేసింది కూడా. ఏడు దగ్గరే ఆగిందిగా, కంగారేముందనుకుని కోటు తగిలించుకుంది.

సోమవారం పది గంటలకి ఫ్యాక్టరీ ఆఫీసులో ఎవరో అమ్మాయి ఎత్తింది. కీబోర్డు చప్పుడు.

"టాలివర్, వెర్నీటా. ఆవిడ ప్రస్తుతం మా ఉద్యోగి కాదండీ."

"సరిగ్గా చూడమ్మా. శుక్రవారం కూడా డ్యూటీ చేసింది."

"చేసిందండీ. వారం మార్కులు సోమవారం పొద్దున లెక్కేస్తారు. బుధవారంతో ఎనిమిది నిండాయి." ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. "ఆవిడకింకా తెలీదు. రెండింటికి వచ్చినప్పుడు గేటు దగ్గర చెబుతారు. నేనిదంతా మీతో అనకూడదు."

లొరెట్టా లేచి నీల్ గదిలోకి వెళ్ళి చెప్పింది. అతను కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"శుక్రవారమే ఫోను చేసి ఉంటే సరిపోయేది," అన్నాడు.

"చేసి ఉంటే ఏమయ్యేది?"

"అప్పటికి ఉద్యోగముందిగా. రేపు సంతకాలయిపోయేవి."

"తర్వాత ఎలా కట్టేది?"

"కట్టేది కాదేమో. ప్రభుత్వం మనకి కట్టేది." అందులో ఎగతాళి లేదు, కూడిక చెప్పినట్టు చెప్పాడు. "ఇప్పుడు నాకు తెలిసింది. తెలిశాక నేను సంతకం పెట్టలేను. సారీ లొరెట్టా."

తన బల్ల దగ్గర కూచుని చాలాసేపు ఫోను వంక చూసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అని వాళ్ళనీ వీళ్ళనీ అంటుంటాం. కాలింది ఎవరి చేతులో, ఆకులు పట్టుకుంది ఎవరో తేలక ఆమెకి ఏడుపొచ్చింది. అయినా గేటు దగ్గర ఎవడో చెప్పేకంటే తను చెప్పడం నయమనుకుంది.

వెర్నీటా ఎత్తేసరికి వెనక కాగితాల చప్పుడు. "పళ్ళేలు సర్దుతున్నా మిస్ లొరెట్టా. పేపర్లో చుడుతుంటే పాత వార్తలన్నీ చదవాలనిపిస్తోంది. రేపు ఎన్నింటికి రమ్మంటారు?"

లొరెట్టా చెప్పింది. కాగితాల చప్పుడు ఆగిపోయింది.

"మీకెవరు చెప్పారు?"

"నేనే ఫోన్ చేశాను. సంతకాలకి ముందు చెయ్యాలి, రూలు."

"అంటే నా ఉద్యోగం పోయినట్టు నాకంటే ముందు మీకు చెప్పారు."

"అవును."

"ఏడే అనుకున్నా. మార్చిలో కారు మంచులో కూరుకుపోయి ఆలస్యంగా వెళ్ళానొక రోజు. అది ఎప్పుడో కొట్టేసి ఉంటారనుకున్నా." పళ్ళెం కింద పెట్టిన చప్పుడైంది. తర్వాత, నిజంగానే తెలియక అడిగినట్టు, "మరి ఇవాళ రెండింటికి వెళ్ళాలా, వద్దా?" అంది.

లొరెట్టా దగ్గర దానికి రూలు లేదు.

గురువారం ఇంకో కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఎల్మోర్ వీధి ఇంటికి కొత్త బేరం కుదిరిందట, వాళ్ళదీ ప్రభుత్వ హామీ అప్పేనట. అలాంటప్పుడు ఇంటి అంచనా ఇంటితోనే పోతుంది. అడిగితే పంపించాల్సిందే. దానికి డబ్బు కట్టింది వెర్నీటా, గీకింది వెర్నీటా, పనికొచ్చేది ఇంకొకరికి. సొమ్మొకడిది సోకొకడిదని ఊరికే అనలేదు. లొరెట్టా ఫొటోలు ఒక్కొక్కటే చూసి పంపింది. పక్క కిటికీ అద్దం మీది తెల్ల చారలు ఫొటోలో కూడా తెలుస్తున్నాయి.

శుక్రవారం వెర్నీటాయే ఫోన్ చేసింది. "మావయ్య నిచ్చెన ఆ ఇంటి వెనక ఉండిపోయింది. పక్క గేటుకి తాళం వేశారట. ఏజెంటు నా ఫోను ఎత్తడం లేదు. మీ ఫోను ఎత్తుతాడేమో చూడండి."

లొరెట్టా ఫోను ఏజెంటు ఎత్తాడు. శనివారం పొద్దున గేటు తీస్తానన్నాడు.

శనివారం ఆమె వెళ్ళేసరికి వెర్నీటా ఎవరిదో పాత పికప్ ట్రక్కు దగ్గర నిలబడి ఉంది. ఇద్దరూ పలకరించుకున్నారు. అంతకన్నా ఏమీ లేదు. గేటు బార్లా తీసి ఉంది. వరండాలో ఒక పడుచు జంట కొలతల టేపు పట్టుకుని తిరుగుతున్నారు. ఆ అమ్మాయికి నెలలు నిండినట్టున్నాయి. తెల్ల స్తంభాన్ని చేత్తో నిమిరింది.

"ఎంత శుభ్రంగా ఉంచుకున్నారో కదా వీళ్ళు," అంది వెర్నీటాతో. "మీరు పక్కింటివాళ్ళా?"

"కాదమ్మా. నిచ్చెన కోసం వచ్చాం," అంది వెర్నీటా. ఒక్క క్షణం ఆగి, "పక్కన పై కిటికీ అద్దం మీద రంగు పడింది. బ్లేడుతో వాలుగా గీకండి, పోతుంది. నీళ్ళు పెట్టకండి," అంది.

"చాలా థాంక్స్ అండీ. ఆ గదే పాపకి అనుకుంటున్నాం." కుర్రవాడి చెయ్యి పట్టుకుంది. "నాకైతే ఈ అప్పంటే గుండె దడగా ఉంది. వీడేమో భయం లేదంటాడు."

"భయమెందుకు?" అన్నాడు కుర్రవాడు. "నెలనెలా ఇన్సూరెన్సు కడతాం కదా. రేపు నాకేదైనా అయినా, పని పోయినా, వాళ్ళు చూసుకుంటారు."

వెర్నీటా నిచ్చెన వైపు నడవలేదు. తల తిప్పి లొరెట్టా ముఖంలోకి చూస్తూ నిలబడింది. తొందర లేదు ఆ చూపులో. రంగు ఆరేదాకా మెట్ల మీద కూచున్నట్టు, ఎంతసేపైనా అలాగే నిలబడగలదని తెలిసిపోతోంది.

ఈ ఫైలు లొరెట్టాది కాదు. ఈ పిల్లలు ఆమెకి ఏమీ కారు. వాళ్ళ కంపెనీలో వాళ్ళకో మనిషి ఉంటుంది, ఆ మనిషికీ రెండో లైను మోగుతూ ఉంటుంది.

"ఆ ఇన్సూరెన్సు మీకు కాదు బాబూ," అంది లొరెట్టా. "అప్పిచ్చినవాళ్ళకి. మీరు కట్టలేకపోతే మీకేమీ రాదు. సంతకం పెట్టేముందే తెలుసుకోండి."

కుర్రవాడి చేతిలో కొలతల టేపు సర్రున లోపలికి పోయింది. ఆ అమ్మాయి భర్తనీ, లొరెట్టానీ, స్తంభాన్నీ చూసింది.

"మరి మాకేది?" అంది.

వెర్నీటా గేటులోంచి ఇంటి వెనక్కి నడిచి, వంగి నిచ్చెన ఒక కొస ఎత్తింది.

"ఆ కొస పట్టుకోండి మిస్ లొరెట్టా," అంది. "గోడకి తగలనివ్వకండి. రంగు పోతుంది."